పెనుగొండ సుబ్బారావు మాష్టారి మనవరాలు

కిందటి నెల కాకినాడ వెళ్ళాను. నా స్నేహితురాలు కరుణ పోయింది. వాళ్ళింట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నామని వాళ్ళమ్మాయి సుధ ఫోను చేసింది. పోయిన రోజున వెళ్ళలేకపోయాను, నా మోకాళ్ళ పుణ్యమా అని. మా అబ్బాయి కారు పెడతానన్నాడు గానీ, కరుణ దగ్గరికి నేనెప్పుడూ బస్సులోనే వెళ్ళాను, ఈ ఒక్కసారికీ కారెందుకని రాజమండ్రిలో బస్సెక్కి కూర్చున్నాను. పక్క సీట్లో ఒక కాలేజీ పిల్ల. చెవుల్లో ఏవో పెట్టుకుని ఫోనులోకి చూస్తోంది. సామర్లకోట దాకా నోరు కట్టుకుని, ఇక ఉండబట్టలేక, ఏ ఊరమ్మా అని అడిగాను. చెవిలోది ఒకటి తీసి, ఏంటండీ అంది. మళ్ళీ అడిగాను. కాకినాడేనండి అని, తీసింది మళ్ళీ పెట్టేసుకుంది. ఎవరమ్మాయివి అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అడిగినా ఆ పిల్లకి ప్రశ్న అర్థమయ్యేది కాదేమో.

మా రోజుల్లో బస్సెక్కిన ఆడపిల్ల కండక్టరుకి టిక్కెట్టు డబ్బులిచ్చినంత తప్పనిసరిగా పక్కవాళ్ళకి తన పుట్టుపూర్వోత్తరాలు అప్పజెప్పాలి. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఇంటిపేరేంటి. మూడో స్టాపు వచ్చేసరికి ఎవరో ఒకరు వరస కలిపేసేవారు. మీ పిన్నత్తగారి తోడికోడలు మా ఊరి ఆడపడుచేనమ్మా అనేవారు. అక్కడితో అయిపోతే బాగానే ఉండును. మీ అమ్మాయి ఫలానా రోజున ఫలానా బస్సులో కనబడింది, పిల్ల చిక్కింది అని మనకంటే ముందు ఆ కబురు మన ఊరు చేరేది. మా నాన్న మెట్ట ప్రాంతంలో వ్యవసాయం చేసుకునే మనిషి. ఆడపిల్లని రాజమండ్రిలో హాస్టల్లో పెట్టి బి.ఏ. చదివిస్తున్నాడని ఊళ్ళో సగం మంది ఆయన్ని వెనకాల తిట్టుకునేవారు, మిగతా సగం ఎదురుగానే తిట్టేవారు. ఒక్క చెడ్డ కబురు వస్తే చాలు, చదువు మానిపించి పీటల మీద కూర్చోబెట్టడానికి ఇంట్లో అందరూ సిద్ధంగా ఉన్నారు. అందుకని నేను బస్సెక్కినప్పుడల్లా కొత్త మనిషినయ్యేదాన్ని. ఒకసారి తునివాళ్ళమ్మాయిని, ఒకసారి ఏలూరు ప్లీడరు గారి అమ్మాయిని. ఇంత సులువుగా అబద్ధం అతకడం నాకెవరూ నేర్పలేదు, పుట్టుకతో వచ్చింది.

మా హాస్టలు గోదారి గట్టుకి దగ్గర్లో ఒక పాత పెంకుటింట్లో ఉండేది. వానాకాలం వస్తే ఓణీలు ఆరేవి కావు, గదుల నిండా ఆ తడిబట్టల వాసన, దాని మీద కుంకుడుకాయ రసం వాసన. పొద్దున్నే ఉప్మా. దాన్ని తిన్న పిల్లలకంటే గోడ అవతలి కుక్కలకి వేసిన పిల్లలే ఎక్కువ. మా వార్డెను గారు చేతిలో తాళాల గుత్తితో సాయంత్రం ఆరింటికి గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కళ్ళనీ లెక్కపెట్టుకుని లోపలికి వదిలేది. నేను గోడ దూకి మిరపకాయ బజ్జీలు తెచ్చాను, పక్క తోటలో జామకాయలు కోశాను, రాని పిల్లల బదులు క్లాసులో హాజరు పలికాను. వీటన్నిటికీ నా పక్కన కరుణ ఉండేది. వాళ్ళ నాన్నగారు ఒక పల్లెటూళ్ళో పాస్టరు. చిన్న ట్రంకుపెట్టె, బైబిలు, రెండే రెండు వాయిల్ చీరలతో వచ్చింది. నా మంచం పక్క మంచం తనది. ఎక్కడికి రమ్మన్నా వచ్చేది, ఏ చెట్టు కిందైనా నిలబడి కాపలా కాసేది, కానీ అబద్ధం మాత్రం చెప్పేది కాదు. ఎక్కడికెళ్ళారే అని వార్డెను తన వైపు తిరిగితే జామకాయలకండీ అనేసే మనిషి. ఏం చెయ్యను. తన వంతు రాకుండా నేనే ముందుకెళ్ళి గడగడా చెప్పేసేదాన్ని. చెప్పడం నా పని, పక్కన నిలబడడం తన పని అని మా మధ్య ఒక ఒప్పందం లాంటిది ఏర్పడిపోయింది.

మేమిద్దరం అప్పటికి సముద్రం చూడలేదు. అంతర్వేదిలో గోదారి సముద్రంలో కలిసేచోట అన్నాచెల్లెళ్ళ గట్టని ఒకటుందని, గట్టుకి అటు నీళ్ళొక రంగు ఇటు నీళ్ళొక రంగని మా క్లాసులో ఒక రాజోలు పిల్ల ఊరించి ఊరించి చెప్పింది. ఇంకేం, ఒక గురువారం కాలేజీకని బయల్దేరి రాజోలు బస్సెక్కాం. రాజోల్లో దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి, సాయంత్రం ఆరు లోపల గేటు దగ్గరుండాలి. బ్యారేజీ దాటేదాకా ఎవరూ పలకరించలేదు. దాటాక మా ముందు సీట్లోని పెద్దాయన వెనక్కి తిరిగాడు. పంచె, కండువా, చంకలో గొడుగు, ఒళ్ళో చిన్న గుడ్డసంచీ. మనిషి దగ్గర చుట్ట వాసన. ఏ ఊరమ్మాయ్ అన్నాడు. పెనుగొండండీ అన్నాను. మా అమ్మ అక్కడి గుడికి వెళ్ళొచ్చి చెప్పిన ముక్కలు నాలుగు నాకు తెలుసు. పైగా అది పశ్చిమగోదావరి జిల్లా, ఈ కోనసీమ బస్సులో దాన్నెవరెరుగుతారని నా తెలివి. ఎవరి తాలూకు అన్నాడు. సుబ్బారావు మాష్టారి మనవరాలినండీ అన్నాను. దీని వెనకా తెలివే ఉంది. ఊరికి పదిమంది సుబ్బారావులుంటారు, బడి అన్నాక మాష్టారుంటారు, ఇంత గుంపులో ఎవర్ని పట్టుకుంటాడులే అనుకున్నాను. ఎంత బుద్ధిలేనిదాన్నంటే, పదిమంది ఉన్నారంటే పదిమందికీ చుట్టాలుంటారని తట్టలేదు. గోదారికి ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ రేవు దాటి పిల్లనిచ్చుకుంటారనీ తట్టలేదు.

ఆయన నా మొహంలోకి ఒక నిమిషం చూశాడు. తాతగారు కులాసాయేనా అని అడిగాడు. కులాసాయేనండి, ఈ వయసులోనూ పొద్దున్నే లేచి కాలవ గట్టంట నడిచొస్తారు, ఇప్పటికీ పిల్లలకి ప్రైవేట్లు చెబుతున్నారు అని ఆయన అడగనివి కూడా అల్లేశాను. ఆయన ముందుకు తిరిగి చాలాసేపు కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తూ కూర్చున్నాడు. గండం గడిచిందనుకుని నేను కరుణ మోచెయ్యి గిల్లాను కూడా. కాసేపటికి ఆయన లేచి, నా ఒళ్ళో ఉన్న పుస్తకాల సంచీ తన చేతిలోకి తీసుకుని, మీ తాత చెల్లెలు మా ఇంట్లోనే ఉందమ్మా, నా భార్యే, వచ్చే స్టాపులో దిగాలి అన్నాడు. పరీక్షలున్నాయన్నాను, ఇంకోసారి వస్తామన్నాను. వినేవాళ్ళెవరు. బస్సంతా ఆయన వైపే. సొంత మామ్మనమ్మా, గుమ్మం ముందునుంచి వెళ్తూ చూడకుండా పోతారా అని ఒకావిడ, దిగండమ్మా అవతల టైమవుతోంది అని కండక్టరు. మా సంచీ పట్టుకుని ఆయన దిగిపోయాడు. సంచీ వెనకాల మేమూ దిగాం.

కాలవ గట్టున ఇల్లు. వాకిట్లో కొబ్బరిడొక్కలు ఎండుతున్నాయి, వంటింట్లోంచి కొబ్బరిపీచు పొగ. అరుగు మీద నులకమంచంలో ఒకావిడ పడుకుని ఉంది. బాగా చిక్కిపోయింది, రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషనంటే భయమని చేయించుకోలేదట. ఏమేవ్, పెనుగొండ నుంచి మీ అన్నయ్య మనవరాలొచ్చింది అని ఆయన చెప్పగానే ఆవిడ లేవబోయి లేవలేక చెయ్యి చాపింది. వెళ్ళి కూర్చున్నాను. ఆ చేతులతో నా మొహమంతా తడిమింది. నుదురు, కళ్ళు, ముక్కు. ముక్కు దగ్గర చెయ్యి ఆపి, అచ్చం మా అమ్మ ముక్కేనండీ అంది ఆయనతో. నా ముక్కు మా నాన్నది. మెట్ట ఊళ్ళో పొలం గట్టు మీద ఎండలో నిలబడ్డ మా నాన్నది. కరుణ గుమ్మం దగ్గర నిలబడి నన్ను చూస్తోంది. ఈ పిల్లెవరంటే, నేను నోరు తెరిచేలోపల తనే, నా పేరు కరుణండి, మా నాన్నగారు పాస్టరండి అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆవిడ ఒక క్షణం ఊరుకుని, రామ్మా, నువ్వూ ఇక్కడే కూర్చో అని మంచం మీద చోటు చూపించింది. నాకు బొట్టు పెట్టింది, నీకు పెట్టకూడదు కదా అని కరుణకి కనకాంబరాలిచ్చింది.

ఇక భోజనం. పక్కింటావిడ వచ్చి వండిపెట్టి వెళ్తుందట. పనసాకు బుట్టల్లో పోసి ఆవిరి మీద ఉడికించిన పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి, కందిపప్పు, బెండకాయ పులుసు, గడ్డపెరుగు. మా హాస్టలు తిండికి అలమటించే ప్రాణం నాది. ఆ రోజు ముద్ద మింగుడు పడలేదు. ఆవిడ మంచం మీంచే వడ్డన నడిపింది. దానికి నెయ్యి వెయ్యండి, మా అన్నయ్యకీ నెయ్యి లేకపోతే ముద్ద దిగేది కాదు, దీనికీ ఆ పోలికే వచ్చుంటుంది అంటుంది. ఆయన మాట్లాడకుండా వేస్తాడు. అడుగడుగునా తాత గురించి అడుగుతుంది. పళ్ళున్నాయా, మీ నాన్నని ఇంకా తిడతాడా, చేతికర్ర పట్టుకున్నాడా. ఉన్నాయండి, తిడతారండి, పట్టుకున్నారండి. ఒక్క అబద్ధంతో బస్సెక్కినదాన్ని, అన్నం తినేసరికి ఒక మనిషిని తలనుంచి కాలిదాకా తయారుచేసి పెట్టాను. ఆపడం ఎలాగో తెలియలేదు. ఆవిడ మొహం అలా వెలుగుతుంటే ఏ నోటితో ఆపను.

చేతులు కడుక్కున్నాక నన్ను దగ్గరికి పిలిచి చెప్పింది. వాళ్ళమ్మ పోయినప్పుడు గోదారి వరద మీదుందట. కబురందుకుని ఈవిడ రేవు దగ్గరికి పరిగెత్తేసరికి జనాన్ని దాటించే పంటు ఆపేశారట. ఒక రాత్రీ పగలూ ఈ ఒడ్డునే కూర్చుందట. మర్నాడు దాటి వెళ్ళేసరికి అన్నగారు దహనం చేసేశాడు. నన్ను కడసారి చూపు చూడనివ్వలేదు, ఇక నువ్వు పోయినా నీ గుమ్మం తొక్కను అని నలుగురిలో అనేసి, తాగిన మంచినీళ్ళ గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చేసిందట. ఇరవై ఏళ్ళు మాటల్లేవు. నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ నాకు తెలుసు.

"మీ తాతతో చెప్పమ్మా. ఆ మాట నేను వెనక్కి తీసుకున్నానని చెప్పు. వరదొస్తే వాడు మాత్రం ఏం చేస్తాడు. ఏమన్నాడో నువ్వే వచ్చి నా చెవిన వెయ్యి. ఆలస్యం చెయ్యకు."

అలాగే మామ్మా అన్నాను. మామ్మా అనే అన్నాను.

పెద్దాయన గొడుగేసుకుని మమ్మల్ని రోడ్డుదాకా దింపడానికొచ్చాడు. దారిలో నిజం చెప్పేద్దామని నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది. రాజమండ్రి బస్సు దూరంగా కనబడుతుండగా ఆయనే అన్నాడు.

"మా బావమరిది పోయిన కార్తీకంలోనే కాలం చేశాడమ్మా. ఆవిడకి చెప్పలేదు. అన్నమాట అన్నట్టే జరిగిందని తెలిస్తే ఆవిడ బతకదు. నేనొక్కణ్ణే వెళ్ళొచ్చాను, కాకినాడలో పనుందని చెప్పి."

అంటే బస్సులో నేను పోయిన మనిషిని కాలవ గట్టంట నడిపించానన్నమాట. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. నువ్వెవరి పిల్లవో, ఎందుకలా అన్నావో నేనడగను అన్నాడు. ఆర్నెల్లుగా అటువైపు మనిషి ఒక్కరొస్తే బాగుండునని ఆవిడ కలవరిస్తోందిట. నువ్వా పేరెత్తగానే నాకు దేవుడే పంపినట్టు అనిపించిందమ్మా అన్నాడు. ఇంకొక్కసారి వచ్చి, తాత సరేనన్నాడని ఒక్క మాట చెప్పు, నేను చెబితే నమ్మదు, నలభై ఏళ్ళుగా నా అబద్ధాలన్నీ ఆవిడకి కంఠతా అన్నాడు. ఎప్పుడొస్తావమ్మా అని అడిగాడు. వచ్చే ఆదివారం తప్పకుండా వస్తానండీ అన్నాను. బస్సొచ్చింది.

హాస్టలు చేరేసరికి ఏడు దాటింది. ఈసారి నా నోట అబద్ధం రాలేదు, నిజమూ రాలేదు. వార్డెను ఇంటికి ఉత్తరం రాసింది. మా నాన్న వచ్చాడు. తిట్టలేదు. ఇంకొక్కసారి ఇలాంటి ఉత్తరం వస్తే పెట్టె సర్దుకుని వచ్చెయ్యమ్మా అని మాత్రం అని, తెచ్చిన అరటిపళ్ళు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం వెళ్ళలేదు. ఆ తర్వాతి ఆదివారం జ్వరమన్నాను. ఆ తర్వాత పరీక్షలు. వెళ్దామా అని కరుణ రెండుసార్లు అడిగింది. రెండోసారి నాకు ఒళ్ళు మండిపోయి, నీకేమే, మాటలన్నీ నేనాడాలి, నువ్వు పువ్వులు పెట్టించుకుని పెరుగన్నం తినొచ్చావు, పాపం నాకూ పుణ్యం నీకూనా అని అరిచాను. మళ్ళీ తను ఆ ఊసెత్తలేదు. ఉత్తరమైనా రాద్దామని కార్డు కొన్నాను. ఆ ఊరికి రాస్తే ఎవరు చదివి వినిపిస్తారు, ఏ చుట్టం చేతిలో పడుతుంది, తిరిగి తిరిగి మా నాన్నకి చేరితే? కార్డు పుస్తకంలో ఉండగానే ఏడాది అయిపోయింది. నాకు పెళ్ళయింది, చదువూ అయింది. ఎవరో తోసినట్టే బతుకు ముందుకెళ్ళిపోయింది. కానీ ఏ ముసలావిడ నా చెయ్యి పట్టుకున్నా ఇప్పటికీ లాక్కోబుద్ధేస్తుంది. ఇన్నేళ్ళలో కరుణ దగ్గర ఆ సంగతి ఎత్తబోతే, ఇప్పుడవన్నీ ఎందుకే అని కాఫీ కలపడానికి లేచిపోయేది. నన్ను చూసి తనకి అసహ్యం కాబోలు, పైకి అనలేక తప్పిస్తోంది అనుకునేదాన్ని.

ఇప్పటి పిల్లలకి ఈ బాధలేవీ ఉండవు. మా మనవరాలు బీచికెళ్తే అక్కణ్ణుంచే ఫోటో పంపుతుంది. దొంగతనంగా వెళ్ళడానికి వీల్లేదు, వెళ్ళనక్కర్లేదు. తప్పుడు ఊరు చెప్పి తప్పించుకోనూ అక్కర్లేదు, ఎవరూ అడగరు గనక. మంచిదే. కానీ మొహం తడిమి, నువ్వు మా అమ్మ పోలికే అని ఏడ్చే మనిషీ వాళ్ళకి ఏ బస్సులోనూ తగలదు. ఏది మేలో చెప్పమంటే నాకు చేతకాదు.

కాకినాడలో కూడికైంది. పాస్టరు గారు కరుణ నోట ఒక్క అబద్ధం కూడా రాలేదని చెప్పారు, అందరూ తలలూపారు. జనం వెళ్ళాక సుధ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక సంగతి అడగాలి ఆంటీ అంది. వాళ్ళమ్మ చివరి నెలలో మందుల మత్తులో ఒకే మాట పదేపదే చెప్పేదట. కాలేజీలో ఉండగా ఒక ఆదివారం చర్చికని హాస్టల్లో పాసు తీసుకుని, రాజోలు వైపు ఏదో ఊరు ఒక్కతే వెళ్ళిందట. మంచంలో ఉన్న ఒక ముసలావిడ దగ్గర కూర్చుని, మీ అన్నయ్య మనవరాలికి రావడం కుదరక నన్ను పంపిందండి, మీ అన్నయ్య ఆ రోజు మీకోసం ఆగలేకపోయినందుకు ఏడ్చారండి, తప్పు నాదేనన్నారండి అని చెప్పిందట. ఆ ముసలావిడ ఈవిడ చెయ్యి పట్టుకుని నిద్రపోయిందట. నిద్ర లేచేదాకా చెయ్యి తియ్యలేక, సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయిందట.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఒక ఆదివారం కరుణ దీపాలవేళ దాటాక వచ్చింది. ఎక్కడికెళ్ళావంటే వార్డెనుకి జవాబు చెప్పలేదు. మూడు నెలలు చర్చికి పాసు ఆపేశారు. పక్క మంచంలో పడుకుని నేనేం చేశానంటే, వార్డెను మీద జోకులేసి తనని నవ్వించాలని చూశాను.

"ఆ అబద్ధానికి క్షమాపణ ఉంటుందంటావా అని నన్నడిగేది ఆంటీ. ఎవరికోసం ఆడావమ్మా అంటే చెప్పేది కాదు. మీరిద్దరూ ఒకే గదిలో ఉన్నారు కదా. మీకేమైనా తెలుసా?"

డెబ్బై ఏళ్ళకి చేరువైనదాన్ని, ఎదురుగా బల్ల మీద కరుణ ఫోటో. నాకు తెలీదమ్మా అన్నాను. సుధ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

సుధా, ఇది నీకు పంపుతాను. నాకు తెలుసు. ఆ అబద్ధం నాది. మీ అమ్మ నా బదులు ఆడింది.